నా బొటనవేలే నా మెదడుకి కాపలా

పాఠకులారా, మీ అందరికీ గౌట్ రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను!

తిట్టకండి. ఇది శాపం కాదు, ఆశీర్వాదం. కుడికాలి బొటనవేలు టమాటాలా వాచి, దుప్పటి అంచు తగిలినా కెవ్వుమనిపించే ఆ జబ్బు నాకుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగితే వస్తుందట. రోజుకో మాత్ర వేసుకోమని, మటన్ మానేయమని డాక్టరు చెప్పాడు. రెండో మాట విన్నాక ఆ మనిషి మీదే నాకు నమ్మకం పోయింది.

అంతలో మా నాచారం కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. గౌట్ ఉన్నవాళ్లకి డిమెన్షియా, అదే, ఇంట్లోవాళ్లని కూడా మర్చిపోయే ఆ మతిమరుపు జబ్బు, తక్కువగా వస్తుందని ఏదో దేశంలో తేల్చారట! యూరిక్ యాసిడ్ మెదడుకి కాపలా కాస్తుందట! ఏ దేశమో రాయలేదు. రాయకపోతే ఏం? ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ల్యాబులో స్టోర్స్ చూసినవాణ్ణి. శాస్త్రవేత్తల సంతకాలు నేను చూసినన్ని ఎవరు చూశారు? సైన్సు నాకేం కొత్త కాదు. ఆ రోజే మాత్ర మానేశాను. మటన్ మొదలుపెట్టాను.

ఫలితాలు అద్భుతం! నాచారం నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా ఎన్ని గుంతలున్నాయో మీకు తెలుసా? నాకు తెలుసు. ఆటోలో కూర్చుని ఒక్కోదానికి విడివిడిగా అరిచాను. మెట్రోలో నా కాలు తొక్కినవాడి చొక్కా రంగు, బ్యాగు మీది బొమ్మ, సారీ కూడా చెప్పకుండా వాడు చూస్తున్న రీలు, అన్నీ గుర్తున్నాయి. కీసరగుట్ట మెట్ల గురించి అడగండి, ఏ మెట్టు దగ్గర ఏ దేవుణ్ణి తలుచుకున్నానో చెబుతాను. బాదంపప్పు తింటే ఇంత జ్ఞాపకశక్తి వస్తుందా?

కాబట్టి రోడ్డు తవ్వి పూడ్చకుండా పోయేవాళ్లని తిట్టకండి. పాపం, వాళ్లు మన మెదళ్ల కోసమే కష్టపడుతున్నారు. స్కూళ్లలో పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించడం కూడా దండగ. తలా ఒక ప్లేటు తలకాయకూర పెట్టించండి, ర్యాంకులు వాటంతటవే వస్తాయి!

పొద్దున పార్కులో ఇదంతా చెబితే కొమురెల్లి అడ్డం పడ్డాడు. ఇక్కడి ఫ్యాక్టరీలోనే ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. ఏ నట్టూ వదులుగా ఉండనివ్వడు.

"అన్నా, గౌట్ ఉన్నోళ్లకే మతిమరుపు ఎక్కువొస్తదని నిన్న ఇంకో మెసేజ్ వచ్చింది గదా. సూడలేదా?"

"చూశాను. అది తప్పుడు పరిశోధన."

"గట్లెట్ల జెప్తవన్నా?"

"అందులో గోలీ మానొద్దని రాశారు."

"ఏంది నువ్వు! జర దవాఖానాకు వోయి అడగరాదే" అని లేచి వెళ్లిపోయాడు. నా కాలు బాగుంటే వెంటపడి వాదించేవాణ్ణే.

సరే, మీ దగ్గర దాపరికం ఎందుకు? మటన్ ఒక్కటే కారణం కాదు. మా అన్నయ్య భూషణం ఉప్పల్లో ఉంటాడు. రైల్వేలో టికెట్లు తనిఖీ చేసేవాడు. పోయిన నెల చూడ్డానికి వెళ్తే నన్ను ఎగాదిగా చూసి, "టికెట్?" అన్నాడు. సరదాకేమో అనుకుని మెట్రో కార్డు తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి, "ఈ బండికి ఇది చెల్లదండీ" అన్నాడు.

చెల్లదండీ! అరవై ఆరేళ్లుగా నన్ను "ఒరేయ్" తప్ప అనని మనిషి! ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చాను. కాలు నొప్పనుకుని డ్రైవరు పాపం నెమ్మదిగా పోనిచ్చాడు.

ఆ వారమే ఆ మెసేజ్ వచ్చింది. నీకు ఆ గతి పట్టదని ఒకరు చెబుతుంటే ఏ దేశమయ్యా అని అడగబుద్ధవుతుందా?

మొన్న ఈ వ్యాసం ఇక్కడిదాకా రాసి మా ఆవిడ మంగతాయారుకి చూపించాను. చదివింది. నవ్వలేదు. లోపలికెళ్లి మందుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"మెసేజ్ వచ్చి మూడు వారాలు. ఇవి కొని రెండు నెలలు. ఒక్క మాత్రా తియ్యలేదు. మానేశానని రాశారే, మీరు మానెయ్యలేదండీ. వేసుకోవడమే మర్చిపోయారు."

రోజూ వేసుకున్నాననే అనుకున్నాను, పాఠకులారా. ఒట్టు! నాకు భయమేసింది.

అందుకని నా మొదటి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. గౌట్ మీకెవరికీ రావద్దు. ఆ మెసేజ్ పంపినవాడికి మాత్రం రావాలి, రెండు కాళ్లకీ!

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లి తిట్లు తిని, మాత్ర మొదలుపెట్టాను. మా ఆవిడ మాత్రల షీటు వెనకాల ఒక్కో మాత్రకీ ఒక్కో తేదీ రాసింది. ఆదివారం ఇద్దరం అన్నయ్యని చూడ్డానికి వెళ్లాం. మేం గుమ్మం దాటగానే మంచం మీంచే చెయ్యి చాపాడు.

"టికెట్?"

ఈసారి జేబులో ఉన్న మాత్రల షీటు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని తేదీల మీద గోరు పెట్టి చూశాడు. గోడమీది క్యాలెండరు వంక చూశాడు. మళ్లీ షీటు చూశాడు.

"ఇవాళ్టిది అలాగే ఉందే! టికెట్ లేకుండా ఎక్కారా? వచ్చే స్టేషన్లో దిగిపోండి."

మంగతాయారు నా వంక చూసింది. నిజమే, పొద్దున మర్చిపోయాను. ఆమె గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది. అక్కడే నిలబడి మాత్ర వేసుకుని, షీటులో ఖాళీ గుంట చూపించాను. అన్నయ్య దాన్ని వేలితో తడిమి చూసి, మంచం మీద కాస్త పక్కకి జరిగాడు.

"కూర్చోండి" అన్నాడు.