అరుగు మీద ఇంకో పొర

నవంబరులో హామిల్టన్ నగరానికి ఆకాశం ఉండదు. ఉక్కు మిల్లుల పొగా, సరస్సు మీది మబ్బూ కలిసి ఊరికి బూడిదరంగు మూత పెడతాయి. మార్చి దాకా దాన్ని తీసే నాథుడు లేడు. అలాంటి మూత కింద ఒక గురువారం ఉదయం, ఎన్నియో స్కాటొలోన్ వంటింట్లో ఒంటరిగా కాఫీ తాగుతూ ఆనాటి పని ఖాయం చేసుకున్నాడు. ముందరి అరుగు మీద ఇంకో పొర కాంక్రీటు వేయాలి. శుక్ర, శనివారాల్లో అది గట్టిపడుతుంది. ఆదివారం చర్చి అయ్యాక భార్య ఎర్సీలియా వస్తుంది.

ఎర్సీలియా అలిగి తన చెల్లెలు నోర్మా ఇంటికి వెళ్ళిపోయి నెల దాటింది. మధ్యలో పరాయి ఆడది లేదు, తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఈ అరుగే. ఆ వీధిలోవన్నీ యుద్ధం అయిన కొత్తలో సైనికులు తిరిగొస్తున్నారని హడావిడిగా లేపేసిన ఇళ్ళు. అరుగు శ్లాబే కింద చలిగదికి కప్పు. ఆ గదిలోనే ఏడాదికి సరిపడా టమాటా రసం సీసాలు, ద్రాక్షసారా జాడీలు, వేలాడదీసిన సాసేజీలు ఉంటాయి. చలికాలమంతా జారకుండా అరుగు మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు పగుళ్ళలోంచి దిగి లోపలి ఇనుప చువ్వలను తినేస్తాయి. సెప్టెంబరులో ఆ కప్పులోంచి ఒక పెద్ద పెచ్చు ఊడి, అక్కచెల్లెళ్ళిద్దరూ వారం రోజులు చెమటోడ్చి పట్టిన టమాటా సీసాల అర మీద పడింది. గది కసాయి దుకాణంలా అయింది.

పాత శ్లాబు పగలగొట్టించి కొత్తది వేయించమని, ఎవరినైనా పిలవమని ఎర్సీలియా ఏళ్ళ తరబడి పోరింది. ఎన్నియో వినలేదు. ఈ ఊళ్ళో సగం కాలిబాటలు ఆయన తాపీ కిందే నునుపెక్కాయి. అలాంటి మేస్త్రీ తన అరుగుకు ఇంకో మేస్త్రీని పిలిస్తే ఇటాలియన్ క్లబ్బులో తలెత్తుకోగలడా? అందుకే కారినప్పుడల్లా పైన ఇంకో పొర వేసేవాడు. అరుగు ఎత్తు పెరిగేది. చలి ఆపడానికి అసలు తలుపుకు బయట బిగించిన, బయటికి తెరుచుకునే అద్దాల తలుపు కింద తగిలేది. తలుపు అడుగు కోసేవాడు. మళ్ళీ కారేది.

ఎర్సీలియా ఫోనులో చెప్పాల్సింది సూటిగానే చెప్పింది. "ఆదివారం వస్తాను. కింద గదిలోకి వెళ్ళి చూస్తాను. కారకపోతే ఉంటాను. కారిందంటే నా బట్టలు సర్దుకుపోతాను. నోర్మా వాళ్ళ పైవాటా ఖాళీగానే ఉంది."

ఆ ఇంట్లో ఒక్కడే సూప్ వేడి చేసుకుని తాగడం ఎన్నియోకు చేతకాలేదు. చేతకావడం లేదని చెప్పడం అంతకన్నా చేతకాలేదు. చేతనైంది కాంక్రీటే కాబట్టి కాంక్రీటు కలిపాడు.

పని అద్భుతంగా కుదిరింది. తలుపు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ, మెట్ల దాకా అద్దంలా మెరిసేలా తాపీ తిప్పాడు. మెట్లు దిగి నడుం పట్టుకుని తన పనిని తానే మెచ్చుకుంటూ ఉండగా చూపు తలుపు మీద పడింది. కొత్త కాంక్రీటు అద్దాల తలుపు అడుగును వేలెడు మేర మింగేసి కూర్చుంది. ఈసారి కోయడం మరిచిపోయాడు.

అయినా ఆయన సర్దుకున్నాడు. ఆ పేటలో ముందు తలుపున వచ్చేది ఫాదరూ పోలీసూ, పోయేది శవమూ. ఇంటివాళ్ళంతా తిరిగేది పక్క తలుపునే. ఆదివారం లోపల వీళ్ళలో ఎవరూ అవసరపడకపోతే చాలు.

సాయంత్రం రేడియో రాత్రికి గడ్డకట్టే చలి అంది. పచ్చి కాంక్రీటులో నీళ్ళు మంచుగా గడ్డకడితే అది బూడిదే. ఎన్నియో ఇల్లంతా వెతికి, ఎర్సీలియా పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చిన ఉన్ని దుప్పట్లు తెచ్చి, పసిబిడ్డకు కప్పినట్టు అరుగుకు కప్పాడు. చాలదనిపించి కింద చలిగదిలో కరెంటు హీటరు కూడా పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని ఆయనకు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

చలిగది వెచ్చబడేసరికి అక్టోబరులో పట్టిన కొత్త సారాకు మళ్ళీ ప్రాణం వచ్చి పులిసి పొంగింది. శుక్రవారం తెల్లారేసరికి జాడీల బిరడాలు కప్పుకు తగులుతున్నాయి. ఒక జాడీ ఏకంగా పగిలింది. సాసేజీల కొవ్వు కరిగి కారుతోంది. ఆ రోజంతా ఎన్నియో నేలమీద మోకాళ్ళేసుకుని తుడుస్తూనే ఉన్నాడు. బయట మంచు పడుతోందని కూడా ఆయనకు తెలియదు.

ఎదురింటి మౌరీన్ టకెట్ గారికి మాత్రం తెలుసు. భర్త పోయినప్పటి నుంచి ఆవిడకు కిటికీయే లోకం. స్కాటొలోన్ వాళ్ళ అరుగు మీద ఎర్సీలియా పెళ్ళి దుప్పట్లు మంచులో పడి ఉన్నాయి. ఆవిడ మనసు ఆగలేదు. వీధి దాటి వచ్చి, అరుగెక్కి, అద్దాల తలుపు లాగింది. రాలేదు. వంగి చూస్తే తలుపు అడుగున సిమెంటు. ఏడవాలనిపించిందని ఆవిడ తర్వాత అందరికీ చెప్పింది.

మంచిమనిషి ఊరికే ఉండలేదు. దుప్పట్లు తన ఇంటికి తీసుకుపోయి మరిగే నీళ్ళలో ఉతికి, యంత్రంలో వేసి ఆరబెట్టింది. పోస్టుమాన్ జారిపడతాడేమోనని అరుగు మీద బకెట్టెడు ఉప్పు కుమ్మరించింది. ఆ వీధిలో అది పొరుగువాళ్ళ ధర్మం. ఇంటిముందు ఉప్పు చల్లని మనిషికి స్వర్గంలో చోటు లేదు. ఆ తర్వాత నోర్మా ఇంటికి ఫోను చేసి, ఎన్నియో పెళ్ళాం దుప్పట్లు మంచులో పారేశాడనీ, ఆమె రాకుండా తలుపుకు సిమెంటు పోసేశాడనీ చెప్పింది. సిమెంటు మాట నిజమే. దుప్పట్లు కూడా మంచులోనే ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

శనివారం ఉదయం ఆవిడ పక్క తలుపు దగ్గరికి వచ్చి దుప్పట్లు ఎన్నియో చేతిలో పెట్టింది. మరిగే నీళ్ళకు ఉన్ని ముడుచుకుపోయి, ఉయ్యాల్లో పిల్లలకు సరిపోయేంత అయ్యాయవి.

"ఎంత కోపమొస్తే మాత్రం, ఉన్ని దుప్పట్లు మంచులో పారేస్తారా ఎన్నియో గారూ?" అంది.

"పారేయలేదమ్మా. కాంక్రీటుకు కప్పాను."

"కాంక్రీటుకు చలేస్తుందా?"

"వేస్తుంది."

ఆవిడ ఆయన ముఖం వంక, సారా మరకలు పడ్డ చొక్కా వంక చాలాసేపు చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ఎన్నియో ముందువైపుకు పరుగెత్తాడు. చలీ ఉప్పూ కలిసి తినేయడంతో అద్దంలాంటి పని మశూచి సోకిన ముఖంలా ఉంది. చేయి పెడితే పైపొర పొట్టులా లేచి వస్తోంది. ఇన్నేళ్ళలో ఏ కూలివాడూ ఆయన కాంక్రీటును ఇలా చూడలేదు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. తిరిగొచ్చి కిందికి దిగి చలిగది కప్పు చూశాడు. మూల నుంచి మూలకు కొత్త పగులు. దాని వెంట చుక్కలు, ఒకదాని వెనక ఒకటి, తీరిగ్గా రాలుతున్నాయి. ఆయన వాటి కింద బాల్చీ పెట్టి, రేపటిలోగా ఏం చేయాలో తోచక ఎదురుగా కూర్చున్నాడు.

అంతలో నెత్తిమీద అడుగుల చప్పుడైంది. ఆ నడక ఆయనకు తెలుసు. ఎర్సీలియా ఆదివారం దాకా ఆగలేదు. విన్న మాట తన కళ్ళతో చూసుకోవాలని, పుట్టిబుద్ధెరిగి ఎన్నడూ వాడని ముందు తలుపుకే వచ్చింది. వీధిలో నోర్మా కారు ఇంజను ఆపకుండా ఉంది.

ఎన్నియో పైకి ఉరికి లోపలి తలుపు తీశాడు. మధ్యలో అద్దం.

"తలుపు తియ్యి," అంది ఎర్సీలియా.

"రాదు."

"రాదా? తియ్యవా?"

"కాంక్రీటు పట్టేసింది. ముందు నువ్వు దిగు. అక్కడ నిలబడకు."

"నా ఇంటి ముందు నన్ను నిలబడొద్దంటావా?" ఆయన చొక్కా మీది సారా మరకలు ఆమె కంటబడ్డాయి. "తాగావా?"

"తాగలేదు, తుడిచాను. దిగు ఎర్సీలియా, నీకు దణ్ణం పెడతాను."

ఆమె దిగలేదు. ఆ కాపురంలో ఎవరూ ఎవరి మాటా వినే అలవాటు పెట్టుకోలేదు. ఎన్నియో పక్క తలుపులోంచి మేజోళ్ళతోనే మంచులో పడి పరుగెత్తుకొచ్చి, ఆమె చేయి పట్టుకుని మెట్ల కిందికి లాగేశాడు. ఆమె ఆయన వీపు మీద చేతిసంచితో రెండు వేసింది. మూడోది ఎత్తినప్పుడు వెనక ముసలి పశువు మూలిగినట్టు చప్పుడైంది. అరుగు నడుమ కుంగి, పొరలు పొరలుగా విరిగి, సారా జాడీల మీదా సాసేజీల మీదా పూర్తిగా కూలిపోయింది. సిమెంటు పొడి మబ్బులా లేచింది. అది తగ్గాక చూస్తే, కాంక్రీటు విడిచిన అద్దాల తలుపు కిర్రుమంటూ తనంతట తానే హాయిగా తెరుచుకుంటోంది. దాని ముందు పాతాళం తప్ప ఏమీ లేదు.

ఎర్సీలియా సంచి దించింది. తను ఇందాక నిలబడ్డ చోటు వైపు చూసి, తర్వాత భర్త తడి మేజోళ్ళ వైపు చూసింది.

"నువ్వు రావాలనే వేశాను," అన్నాడు ఎన్నియో. "నాకు చేతకాలేదు. ఇది నా వల్ల కాదు."

అన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆమె నమ్మలేనట్టు చూసింది.

"మనిషిని పిలుస్తావా?"

"పిలుస్తాను."

"క్లబ్బులో నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వు లేకుండా నేను ఇంట్లో ఉండలేకపోతున్నాను."

ఎర్సీలియా ముఖం తిప్పుకుంది. వెళ్ళి నోర్మాతో ఏదో చెప్పింది. కారు వెళ్ళిపోయింది. ఆమె వచ్చి పక్క తలుపులోంచి లోపలికి పోయింది. ఉంటానని అనలేదు, పోతానని అనలేదు. పొడి మేజోళ్ళు మాత్రం తెచ్చి ఆయన ముందు పడేసింది.

సోమవారం పోర్చుగీసు మేస్త్రీ అమడేవు వచ్చాడు. గుంత అంచున గొంతుక్కూర్చుని, విరిగిన శ్లాబు ముక్కలో పొరలన్నీ వేలితో తడిమి చూసి, కిందికి తొంగి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇంకొకడి పని చూసిన ఏ మేస్త్రీ అయినా లోకంలో ఎక్కడైనా అడిగే మాటే అడిగాడు.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?"

ఎన్నియోకు శనివారం నాటి ధైర్యం భార్య ముందు సరిపోయింది గానీ, సాటి మేస్త్రీ ముందుకు వచ్చేసరికి అడుగంటింది.

"ఇంతకుముందు ఈ ఇంట్లో ఉన్నాయన," అన్నాడు.

అమడేవు నిజమేనా అన్నట్టు ఎర్సీలియా వైపు చూశాడు. ఆమె కాఫీ పళ్ళెంతో పక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక్క మాట చాలు, ఆ సాయంత్రానికి క్లబ్బంతా నవ్వుతుంది. ఆమెకు అనవలసింది కూడా తక్కువేమీ లేదు. ఎన్నియో తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

"అవును," అంది ఎర్సీలియా. "మొండిమనిషట. ఎవరి మాటా వినేవాడు కాదట."

"మనిషి మాత్రం మంచివాడేనట," అన్నాడు ఎన్నియో, గుంతలోకి చూస్తూ.

ఆ సంగతి తనకు తెలియదని చెప్పి ఎర్సీలియా ముగ్గురికీ కాఫీ పోసింది.