బౌషర్ మీదుగా టొట్టోరి

మన రాష్ట్ర పర్యాటక, ప్రవాస సంక్షేమ శాఖల మంత్రి శ్రీ నాగేంద్రప్రసాద్ గారు జపాన్‌ను అధ్యయనం చేయబోతున్నారని ప్రకటన వెలువడినప్పుడు కొందరు పెదవి విరిచారు. వాళ్ళకు విషయం తెలియదు. టోక్యోను మన మంత్రులు ఇప్పటికి ఏడుసార్లు అధ్యయనం చేశారు. క్యోటోను నాలుగుసార్లు, అందులో రెండుసార్లు కుటుంబ సమేతంగా. ఇక అక్కడ అధ్యయనానికి ఏమీ మిగల్లేదు. అందుకే మంత్రిగారు టొట్టోరి అనే ప్రాంతాన్ని ఎంచుకున్నారు. జపాన్‌లో అన్నిటికంటే తక్కువ జనం ఉండేది అక్కడేనట. "ఎవరికీ తెలియని చోటికి వెళ్ళడమే నిజమైన పర్యాటకం" అని ఆయన విలేఖరులతో అన్నారు. ఎవరికీ తెలియని చోటు గురించి ఎవరూ ప్రశ్నలు వేయలేరు కాబట్టి సమావేశం నాలుగు నిమిషాల్లో ముగిసింది.

ఆ చారిత్రక యాత్రను కళ్ళారా చూసే భాగ్యం నాకు దక్కింది. నా పేరు ప్రేమ్ సాగర్. మస్కట్‌లోని దార్సైట్‌లో ఒక ట్రావెల్ ఏజెన్సీ కౌంటర్ దగ్గర కూర్చుంటాను. మంత్రిగారు మస్కట్‌లో దిగి, ఒక రోజు విశ్రాంతి తీసుకుని, జపాన్ విమానం ఎక్కాలి. హోటలు, కారు, టికెట్లు, టొట్టోరి సమాచారం, అన్నీ నా పూచీ. అక్కడి పర్యాటక కార్యాలయం వాళ్ళ కరపత్రాలు, బస్సుల టైమ్‌టేబుల్, రైలు పాస్ వివరాలు, వేడినీటి బుగ్గల పట్టిక, పీతలు దొరికే నెలలు, అన్నిటినీ రంగుల్లో ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించాను. నూట పన్నెండు పేజీల పుస్తకమైంది. జపాన్ వాళ్ళు మరీ ఓపికగలవాళ్ళు. ఏ స్టాపులో దిగితే ఇసుక మేటలు ఏ వైపుంటాయో కూడా బొమ్మ గీసి పెట్టారు.

మంత్రిగారు దిగిన రోజే భూమయ్య కూడా నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఇతను ఒమన్ రేవుపట్నం దుక్మ్‌లో సెంట్రింగ్ మేస్త్రి. క్యాంపులో షార్ట్ సర్క్యూట్ అయి రూమ్ తగలబడింది. పాస్‌పోర్టుతో సహా కాగితాలన్నీ బూడిదయ్యాయి. ఇంటికి వెళ్ళాలంటే పాస్‌పోర్టుకు బదులు రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ కావాలి. అది రావాలంటే "ఈ మనిషి మావాడే" అని మన ప్రవాస సంక్షేమ శాఖ ఒక్క ముక్క రాసివ్వాలి. అడిగి రెండు నెలలైంది, రాయలేదు. ఈలోగా ఊళ్ళో అతని భార్య రాజవ్వకు ఇరవయ్యో తారీఖున గుండె ఆపరేషన్ ఖాయమైంది.

"లోపలికి తీస్కవోయే ముంగట ఒక్కపాలి నా మొకం సూడాల్నంటది సార్. గంతే. ఇంకేం అడుగుతలేదు" అన్నాడు భూమయ్య. "మంత్రిసారు గీడికే వచ్చిండట గద. ఒక్క సంతకం వెడితే అయిపాయె."

"ఎంత అదృష్టవంతుడివయ్యా! సంతకం పెట్టే మనిషే నిన్ను వెతుక్కుంటూ వచ్చాడు" అన్నాను. బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసే మా ఆవిడ దీవెనమ్మ అతనికి మా హాల్లో చాప వేసి అన్నం పెట్టింది. నన్ను మాత్రం వంటింట్లోకి పిలిచి, "ఏమండీ, ముందు సంతకం, తర్వాతే జపాను. ఆయన ముందు నోరు పెగలకపోతే మీకిక్కడ అన్నం పెగలదు" అంది.

మర్నాడు పొద్దున హోటల్లో మంత్రిగారు పెసరట్టు తింటూ నా పుస్తకం తిరగేశారు. పెసరట్టు మా ఇంటి నుంచే వెళ్ళింది. పక్కన ఆయన పి.ఏ. కౌండిన్య రెండు ఫోన్లతో నిలబడి ఉన్నాడు.

"ఎంతసేపు ప్రయాణం, తమ్ముడూ?"

"రెండు విమానాలు సార్, పదహారు గంటలు. తర్వాత రైల్లో రెండున్నర గంటలు. అక్కడి నుంచి బస్సు."

"చలెంత?"

"నాలుగు డిగ్రీలు. మంచు కూడా పడొచ్చు సార్."

"పెసరట్టు దొరుకుతుందా?"

"పీత దొరుకుతుంది సార్."

మంత్రిగారు శాకాహారి. గబుక్కున పేజీ తిప్పారు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగారు. "ఇదేంటి? ఇసుకా?"

"టొట్టోరికి పేరొచ్చిందే ఆ ఇసుక మేటలతో సార్. పక్కనే సముద్రం. ఒంటె కూడా ఉంది చూడండి."

మంత్రిగారు కిటికీలోంచి బయటికి చూశారు.

"తమ్ముడూ, ఈ ఊళ్ళో ఇసుక లేదా?"

"బౌషర్‌లో మేటలున్నాయి సార్. పావుగంట."

"ఒంటె?"

"చెబితే వస్తుంది సార్."

"సముద్రం?"

"ఎటు తిరిగినా అదే సార్."

"మరి జపాన్ వాళ్ళు కొత్తగా ఏం చేసినట్టయ్యా?" అన్నారు మంత్రిగారు.

నేను నూట పన్నెండు పేజీలూ మళ్ళీ మొదటి నుంచి తిరగేయబోయాను. కౌండిన్య మాత్రం చురుకైనవాడు. "అంటే సార్ ఉద్దేశం, అధ్యయనం ఇక్కడ చేసి, నివేదిక టొట్టోరి మీద ఇవ్వొచ్చని..."

"నేనలా అన్లేదు."

"అన్లేదు సార్" అని కౌండిన్య రాసుకున్నాడు.

ఆ క్షణం నుంచి మంత్రిగారు టొట్టోరిలో ఉన్నారు. జపాన్ టైము మస్కట్ టైము కంటే ఐదు గంటలు ముందుంటుంది. ఆయన ఎవరికి ఫోన్ చేసినా టొట్టోరి టైమే చెప్పాలి కాబట్టి, గడియారం చూసి ఐదు కలిపి చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. ఇంత పెద్ద బాధ్యత నా జీవితంలో ఎవరూ అప్పగించలేదు. మధ్యాహ్నం రెండింటికి భోజనం ముగించి రాజధానికి ఫోన్ చేశారు. "రాత్రి ఏడయింది, ఇక్కడ బాగా చీకటి పడింది" అని చెబుతుండగా ఎండ వచ్చి కళ్ళలో పడింది. వెంటనే కర్టెన్ వేయమని సైగ చేశారు. తన మాటకు తగ్గట్టు గదిలో చీకటి ఉండాలని కోరుకునే నాయకులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

సాయంత్రం వేడినీటి బుగ్గల అధ్యయనం జరిగింది. మంత్రిగారు హోటల్ వాళ్ళ తెల్ల టవల్ గౌను తొడుక్కుని బాత్‌టబ్ అంచు మీద కూర్చున్నారు. ఆవిరి కోసం కౌండిన్య రెండు ఎలక్ట్రిక్ కెటిల్స్ మరిగించి అటొకటి, ఇటొకటి పెట్టాడు. టొట్టోరి పియర్ పండ్లకు ప్రసిద్ధి కాబట్టి సూపర్ మార్కెట్ నుంచి అరడజను తెప్పించాం. వాటి మీద దక్షిణాఫ్రికా స్టిక్కర్లు ఉంటే గోటితో ఒక్కొక్కటీ గీకేసింది నేనే. ఆ సందట్లో సంతకం సంగతి రెండుసార్లు ఎత్తబోయాను. రెండుసార్లూ మంత్రిగారు ఆవిరిలో ఉన్నారు.

మూడో రోజు పొద్దున్నే బౌషర్ ఇసుక మేటల దగ్గరికి చేరాం. దీవెనమ్మ సెలవు పెట్టి మరీ వచ్చింది, భూమయ్యను వెంటబెట్టుకుని. ఒంటెను తెచ్చిన ఫహద్ ఒమానీ పెద్దమనిషి. మన పనివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ హిందీ బాగా వచ్చు.

"యే కౌన్ హై?" అన్నాడు మంత్రిగారిని చూపించి.

"మినిస్టర్. అభీ జపాన్ మే హై" అన్నాను, ఇప్పుడు జపాన్‌లో ఉన్నారని.

ఫహద్ మంత్రిగారిని పైనుంచి కిందిదాకా చూశాడు. "జపాన్ మే ఊంట్ నహీ హై?" అన్నాడు, జపాన్‌లో ఒంటె లేదా అని.

"హై."

"తో యహాఁ క్యోఁ?" మరి ఇక్కడెందుకట.

కొందరికి పాలనా వ్యవహారాలు అర్థం కావు. ఫొటోకు అడ్డం రావద్దని చెప్పాను. అసలు చిక్కు వేరే ఉంది. ఎటు నుంచి తీసినా మేట వెనకాల అపార్ట్‌మెంట్లు, హైవే, మసీదు గుమ్మటం పడుతున్నాయి. కౌండిన్య సూటుతోనే ఇసుకలో వెల్లకిలా పడుకుని కింది నుంచి తీశాడు. ఆకాశానికి దేశం ఉండదు కదా, ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

అప్పుడు దీవెనమ్మ నన్ను వేలితో పొడిచింది. భూమయ్య ప్లాస్టిక్ కవర్లోంచి వినతిపత్రం తీసి ముందుకొచ్చాడు. మంత్రిగారు పూర్తిగా చదివారు. కళ్ళు చెమర్చాయి. ఇసుక వల్ల కాదు, నేను దగ్గరుండి చూశాను.

"తప్పకుండా పెడతాను నాయనా. కానీ నేనిప్పుడు జపాన్‌లో ఉన్నాను గదా? సంతకం కింద ఊరు, తేదీ రాయాలి. మస్కట్ అని రాస్తే నేను అబద్ధం ఆడినట్టవుతుంది."

"సార్, ఇరవయ్యో తారీఖు ఆపరేషన్..." అంది దీవెనమ్మ.

"వెళ్ళగానే ఇతనిదే మొదటి ఫైలమ్మా. నా మాట."

ఇంతలో కౌండిన్యకు ఒక ఆలోచన వచ్చింది. నివేదికలో స్థానికులు ఒక్కరూ లేరు. అంత దూరం వెళ్ళిన మంత్రికి అక్కడ ఒక తెలుగు బిడ్డ ఎదురుపడితే, అతని కష్టం విని మంత్రి చలించిపోతే? దీవెనమ్మ ఎండకు పెట్టుకొచ్చిన చర్చి పిక్నిక్ గడ్డి టోపీ తీసి భూమయ్యకు పెట్టారు. ఒంటె తాడు ఒక చేతికిచ్చారు. రెండో చేత్తో వినతిపత్రం అందించమన్నారు.

"నవ్వన్నా, కొంచెం నవ్వు" అన్నాడు కౌండిన్య.

"నవ్వు వస్తలేదు సార్."

"ఫొటో బాగుంటే ఫైలు తొందరగా కదులుతుంది."

భూమయ్య మూడుసార్లు ప్రయత్నించాడు. చూడలేకపోయాం. నాలుగోసారి ఒంటె మెడ చాచి, మంత్రిగారి పట్టు శాలువా కొస నోట్లో పెట్టుకుని నిదానంగా నమలడం మొదలుపెట్టింది. రెండు నెలల తరువాత భూమయ్యకు నిజంగా నవ్వొచ్చింది. కౌండిన్య టక్కున నొక్కాడు.

ఐదు రోజుల అధ్యయనం పూర్తిచేసుకుని మంత్రిగారు స్వదేశం చేరారు. విమానాశ్రయంలో పూలవాన కురిసిందట. మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఫొటో వచ్చింది. 'టొట్టోరిలో తెలుగు కార్మికుడి వినతి స్వీకరించిన మంత్రి. మారుమూల జపాన్‌లోనూ మనవాళ్ళ వెన్నంటే ప్రభుత్వం.' ఒంటె నములుతున్న శాలువా కొసను మాత్రం ఫొటోలోంచి కత్తిరించేశారు. భూమయ్య ఆ ఫొటోను నా ఫోన్లో చూసి, "మంచిగనే వడ్డది సార్. ఇగ ఫైలు కదుల్తది" అన్నాడు.

కదిలింది. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు, మొదటి ఫైలు అతనిదే. పందొమ్మిదో తారీఖు మధ్యాహ్నం నా మెయిల్‌కు ఉత్తరం వచ్చింది. దీవెనమ్మ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, భూమయ్య బ్యాగు సర్దుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను పైకి చదివాను.

'తమరు జపాన్ దేశం, టొట్టోరి ప్రాంతంలో నివసించుచున్నట్లు గౌరవ మంత్రివర్యుల అధ్యయన నివేదిక, పుట 14, ఛాయాచిత్రం 9 ద్వారా రూఢి అయినందున, ఒమన్‌లో ఉన్నట్లుగా తాము చేసుకున్న విజ్ఞప్తి పరిశీలనార్హం కాదు. తగు చర్య నిమిత్తం టోక్యోలోని భారత రాయబార కార్యాలయమును సంప్రదించగలరు.'

"ఇతను టొట్టోరిలో ఉంటే, పది రోజులుగా మా హాల్లో పడుకున్నదెవరండీ?" అంది దీవెనమ్మ. కోపమొస్తే ఆమె అలాగే మాట్లాడుతుంది.

కౌండిన్యకు ఫోన్ చేశాను. అతను చాలా బాధపడ్డాడు. "అన్నా, అర్థం చేసుకో. అతను ఒమన్‌లో ఉన్నాడని రాసిస్తే, పక్కన నిలబడ్డ సార్ ఎక్కడున్నట్టు? అసెంబ్లీలో అడగరా?" అన్నాడు. న్యాయంగానే తోచింది. ఆ మాటే భూమయ్యకు చెప్పాను. అతను బ్యాగు జిప్పు తీశాడు, మళ్ళీ వేశాడు. "అయితే నేను జపాన్ల ఉన్ననా సార్?" అన్నాడు.

అప్పుడే అతని ఫోన్ మోగింది. చెవి దగ్గర వినపడని ఫోను అది, ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడతాడు. రాజవ్వ.

"ఏమయ్యా, జపాన్ వోతున్ననని నాకొక్క మాటన్న చెప్పకపోతివి? సర్పంచ్ పేపర్ తెచ్చి సూపెట్టిండు. దవాఖానల డాక్టర్ సారు గుడ సూసిండు. మంత్రి ఎంబడి తిరిగెటోని పెండ్లామని నాకు కిటికి కాడి మంచం ఇచ్చిండ్రు. అందరు మంచిగ మాట్లాడుతుండ్రు."

భూమయ్య మా ఇద్దరి వంక చూసి, బ్యాగును కాలితో పక్కకు జరిపాడు.

"రేపు పొద్దుగాల తీస్కవోతరట. నువ్వు రాలేవని నాకెర్కే, జపాన్ దూరం గద. ఆ బొమ్మ కత్తిరిచ్చి తలాపున వెట్టుకున్న. లోపలికి వోయే ముంగట సూస్త తియ్యి. ఎన్నొద్దులాయె నువ్వట్ల నవ్వంగ సూడక."

"మంచిగుండు రాజవ్వా. భయపడకు" అన్నాడు భూమయ్య.

"నాకేం భయం. తిన్నవా? ఆడ ఇప్పుడు టైమెంతయింది?"

భూమయ్య ఫోన్‌ను అరచేత్తో మూసి నా వైపు చూశాడు. నేను గడియారం చూశాను. నాలుగయింది. ఐదు కలిపాను.

"తొమ్మిది" అన్నాను.

"రాత్రి తొమ్మిదైంది రాజవ్వా. బాగ చీకటి వడ్డది" అన్నాడు. పడమటి ఎండ సూటిగా అతని ముఖం మీద పడుతోంది. దీవెనమ్మ లేచి వెళ్ళి కర్టెన్ వేసింది.