మరుగుదొడ్డికి దాత కావలెను

దానగుణంలో, సముద్రాలు దాటి ట్రుగనీనాలో స్థిరపడ్డ తెలుగువారిని మించినవారు భూమండలం మీద లేరు. కావాలంటే వాళ్ల సమాఖ్య అద్దెకు తీసుకున్న షెడ్డు చూడండి. స్టేజీకి దాత ఉన్నాడు. మైకుకు దాత ఉన్నాడు, మైకు స్టాండుకు వేరే దాత ఉన్నాడు (ఇద్దరికీ మాటల్లేవు). గోడ గడియారం మీద దాత పేరు ఎంత పెద్దగా రాయించారంటే, టైమెంతయిందో తెలియాలంటే ఫోను తీసి చూసుకోవాలి. షెడ్డు వెనకున్న ఒకే ఒక్క మరుగుదొడ్డి పాడై ఏడు నెలలైంది. దాని తలుపుకు ‘పనిచేయదు’ అని లామినేషన్ చేసిన బోర్డు వేలాడుతోంది. ఆ బోర్డు దాత పేరు కూడా దాని అడుగునే ఉంది.

మరుగుదొడ్డికి మాత్రం దాత దొరకలేదు. ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు పాపం, పేరు ఎక్కడ రాయించాలన్నదే చిక్కు.

ఈ చిక్కులో నలిగిపోతున్నది అలివేలుగారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, షుగరు. తెనాలి నుంచి వచ్చి కొడుకు ఆదిత్య ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఉంటోంది. మనవరాలిని ఏమడిగినా ఇంగ్లీషులోనే బదులొస్తుంది. ఆవిడ నోరారా తెలుగు మాట్లాడేది ఆదివారం ఒక్కపూట, ఆ షెడ్డులోనే. కొడుకు కారులో దింపేసి వెళ్లిపోతాడు. అవసరానికి పెట్రోలు బంకు దాకా వెళదామంటే ఆవిడకు డ్రైవింగు రాదు. అందుకని ఆదివారం పొద్దుట్నుంచీ గుక్కెడు నీళ్లు ముట్టదు. కిడ్నీలు పోతాయి, ఆ మీటింగులు మానేయండని డాక్టరు కేకలేశాడు. మానేస్తే మాట్లాడేదెవరితో? ఆ ఆలోచనకే ఆవిడకు ఏడుపొచ్చింది.

చివరికి సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడింది.

“నాకు శాలువాలొద్దు, దండలొద్దు. ఆ దొడ్డి బాగుచేయించండి నాయనా, మీకు పుణ్యముంటుంది.”

అప్పుడు నాగభూషణంగారు లేచారు. రిటైరైన హిస్టరీ లెక్చరరు, సమాఖ్యకు ప్రాచీన వ్యవహారాల సలహాదారు. (సలహాలు ఎలాగూ ఆపడం లేదని ఆ పదవి సృష్టించారు.)

“సభ్యులారా! ప్రాచీన గ్రీకు నగరాల్లో దాతల కోసం దేవులాడేవారు కాదు. ఈ ఏడు యుద్ధనౌక ఖర్చు నీది, నాటకాల పోటీ ఖర్చు నీది అని ధనవంతుడికి అప్పగించేవారు. ఏథెన్సులో అయితే, నా వల్ల కాదన్నవాడు తనకంటే ధనవంతుణ్ణి చూపించాలి. ఆ ధనవంతుడు ఒప్పుకోకపోతే ఇద్దరూ ఆస్తులు మార్చుకోవాలి. అంతే!”

(నిజమేనా అని పక్కవీధిలో ఫిష్ అండ్ చిప్స్ కొట్టు నడిపే గ్రీకాయన్ని అడిగితే, నాకేం తెలుసు, నేను ఇక్కడే పుట్టానన్నాడు.)

మరుగుదొడ్డికీ అదే పద్ధతన్న తీర్మానం రెండు నిమిషాల్లో ఏకగ్రీవంగా నెగ్గింది. అది పక్కవాడికే వర్తిస్తుందని ప్రతివాడూ నమ్మాడు మరి.

మొదటి పేరు కోటేశ్వరరావుది. లారీల వ్యాపారం, కొత్త ఇల్లు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్లందర్నీ చెప్పులు విప్పించి ఆరు బాత్రూములూ వరసగా తిప్పి చూపించాడు. ఆ ఇంట్లో ఉండేది ఆయనా, ఆయన భార్య భానుశ్రీ.

“అయ్యయ్యో, నాదేముందండీ! ఇల్లు బ్యాంకుది, లారీలు ఫైనాన్సువి. ఫజల్ భాయ్‌ని అడగండి, నాలుగు షాపులు!”

ఫజల్‌ది కర్నూలు. “యా అల్లా! షాపుల్ని చూసి మోసపోవద్దు కోటన్నా. షట్టర్ ఒక్కటే నాది, లోపలుండేదంతా అప్పే. పళ్ల డాక్టరమ్మ ఉంది కదా, అపూర్వమ్మ, ఆమెనడగండి.”

“ఆనెస్ట్‌గా అంకుల్, క్లినిక్ మొత్తం లోన్ మీదే రన్ అవుతోంది,” అంది అపూర్వ. “ఐ యామ్ బేసికల్లీ పూర్.”

దీపం ఎవరు ముందు వెలిగించాలని మొన్నటిదాకా మోచేతులతో పొడుచుకున్నవాళ్లు, ఇప్పుడు పేదరికంలో నేను ముందంటే నేను ముందని పోటీపడ్డారు. మరుసటి ఆదివారం జర్మన్ కార్లన్నీ రెండు వీధుల అవతల ఆగాయి. యజమానులు పాత చొక్కాలు వేసుకుని, లోను కాగితాలు చంకన పెట్టుకుని నడిచొచ్చారు. సమాఖ్య దారిద్ర్య నిర్ధారణ ఉపసంఘం వేసింది. అది మూడు వారాలు శ్రమించి, సభ్యుల్లో అప్పు లేని మనిషి ఒకే ఒక్కరున్నారని తేల్చింది. ఒక గది, రెండు బంగారు గాజులు, ఒక మాత్రల డబ్బా. కాబట్టి అందరిలోకీ ధనవంతురాలు అలివేలుగారు.

“కంగ్రాట్స్ పిన్నిగారూ!” అని కోటేశ్వరరావు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

“ఏవండీ నాగభూషణంగారూ, ఆ గ్రీకువాళ్ల రూలు నాకూ వర్తిస్తుందా?”

“నిస్సందేహంగానమ్మా!”

“అయితే నాకంటే ఈ కోటేశ్వరరావు ఉన్నవాడంటున్నా. కాదంటాడా, మార్చుకుందాం. నా గదీ, నా గాజులూ, నా మాత్రల డబ్బా తీసుకోమనండి. ఆయన ఇల్లు నాకిమ్మనండి, అప్పుతో సహా. ఒక బాత్రూము నాకు చాలు. మిగతా అయిదూ మీ అందరికీ తెరిచిపెడతా!”

“ఆ టైల్స్ ఇటలీవండీ,” అని భానుశ్రీ మొగుడి చొక్కా పట్టుకుంది.

నాగభూషణంగారు గబగబా నోట్సు తిరగేశారు. ఆ రూలుకు కాలం చెల్లి రెండువేల మూడువందల ఏళ్లయిందని కనిపెట్టారు. సభ్యులు ఊపిరి పీల్చుకుని, ఉన్న తీర్మానాన్ని ఏకగ్రీవంగా రద్దుచేశారు.

అయినా పెద్దావిడ మనసు నొచ్చుకుందేమోనని, గ్రీకు పద్ధతిలోనే సన్మానం చేయాలని తలిచారు. ఆమె ఎంత వద్దన్నా వినలేదు. తలమీద ఆకుల కిరీటం పెట్టి, స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. సన్మానపత్రం కోటేశ్వరరావే చదివాడు. ‘ఇతరులు చూచి నేర్చుకొనుటకై’ అన్న వాక్యం దగ్గర ఆయన గొంతు గద్గదమైంది. అది మూడో పేజీ. గంటంబావు గడిచింది. అలివేలుగారు కుర్చీలోంచి లేవబోయారు.

“కూర్చోండి పిన్నిగారూ, ఇంకా నాలుగు పేజీలున్నాయి,” అని ఆయన ఆవిడ భుజం మీద చెయ్యేసి ప్రేమగా కూర్చోబెట్టాడు.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలనుకుని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత అలివేలుగారు రావడం మానేశారు. సమాఖ్య ఎంతో బాధపడి, ఆవిడ జ్ఞాపకార్థం ముందు వరసలో ఒక కుర్చీ ఎప్పటికీ ఖాళీగా ఉంచాలని తీర్మానించింది. దానికి ఇత్తడి రేకు చేయించడానికి అప్పటికప్పుడే ముగ్గురు దాతలు ముందుకొచ్చారు.