గోడవతలి వెచ్చదనం

ఆ సోమవారం ఉదయం డొరీన్ వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. పది గంటలకు ఇల్లంతా వెచ్చబెట్టే పాత బాయిలర్ ఊడదీస్తారు, సాయంత్రానికి కొత్తది బిగిస్తారు. శుక్రవారం నర్సు గ్రేస్ వచ్చి ఇల్లు వెచ్చగా ఉందని రాసిస్తే, న్యుమోనియాతో ఐదు వారాలుగా ఆస్పత్రిలో ఉన్న భర్త విల్‌ఫ్రెడ్ శనివారం ఇంటికొస్తాడు. జనవరి చలిలో, మా కీత్లీ ఊరి కొండవాలు మీద, ఇరవై ఒక్క డిగ్రీలు లేని ఇంటికి ఆయన్ని పంపేది లేదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

బాయిలరూ, గదిలో ఎంత వేడి కావాలో తిప్పి చెప్పే థర్మోస్టాటూ మూడో వంతు తగ్గింపుకి వస్తున్నాయి. కాకపోతే పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఇద్దరు కలిసి తీసుకోవాలి. అందుకని డొరీన్ వారం రోజులు వెంటబడి పక్కింటి క్లిఫర్డ్‌ని ఒప్పించింది. క్లిఫర్డ్ ముప్ఫయ్యేళ్ళు కొండల్లో ఉత్తరాలు పంచిన మనిషి. మంచు కురుస్తున్నా కిటికీ తెరుచుకుని పడుకుంటాడు. అతనికి బాయిలర్ దేనికి? విల్‌ఫ్రెడ్ ఇంటికి రావాలని సంతకం పెట్టాడు, అంతే.

పనికొచ్చిన మనిషికి టీ ఇవ్వకపోతే మా వైపు ఆ ఇంటి పరువు పోయినట్టే. డొరీన్ మెకానిక్‌కి నాలుగుసార్లు టీ ఇచ్చింది, అల్లం కేకు కోసి పెట్టింది. మూడో ముక్క తినేటప్పుడు అతను రెండిళ్ళ థర్మోస్టాట్లూ వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండూ తెల్లగా, గుండ్రంగా, అచ్చు ఒకేలా ఉన్నాయి. వైర్లు లేవు, గోడలు దాటి తమ బాయిలర్‌తో మాట్లాడుకునే రకం. కేకు అయ్యాక అతను ఆమెది తీసుకెళ్ళి క్లిఫర్డ్ ఇంట్లో, క్లిఫర్డ్‌ది ఆమె ఇంట్లో బిగించి, సీలు వేసి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

మంగళవారం డొరీన్ థర్మోస్టాట్‌ని ఇరవై ఒకటికి తిప్పింది. గది పద్నాలుగు దగ్గరే ఉంది. ఇరవై ఐదుకి తిప్పింది. గది పదమూడుకి దిగింది. ఆమె పెంచిన వేడంతా పక్కింట్లో కాగుతోంది. అక్కడ క్లిఫర్డ్ చెమటలు తుడుచుకుంటూ తనది అడుక్కి తిప్పేశాడు. దాంతో డొరీన్ బాయిలర్ అసలు వెలగనే లేదు.

ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ ఈ ఊళ్ళో మనుషులు నెత్తిన పిడుగు పడ్డా ఫిర్యాదు చేయరు. పైగా బలవంతపెట్టి కొనిపించింది తను, బాగాలేదని ఏ మొహంతో చెబుతుంది? అవతల క్లిఫర్డ్‌కేమో, ఆమె ఆశపడి కొనిపించింది, బాగాలేదంటే నొచ్చుకోదూ అని. బుధవారం చెత్తబుట్టలు బయట పెట్టేటప్పుడు ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె మీద రెండు స్వెటర్లు, ఓవర్‌కోటు, విల్‌ఫ్రెడ్ ఉన్ని టోపీ. అతను నిక్కరులో ఉన్నాడు.

"కొత్త బాయిలర్ ఎలా ఉందండీ?" అన్నాడు క్లిఫర్డ్.

"బ్రహ్మాండం. మీకో?"

"నాకేం, హాయిగా ఉంది."

ఆ ఎర్రబడ్డ మొహం చూసి అతనికి జ్వరమనుకుంది డొరీన్. ఆ వణుకు చూసి ఆమెకి చలిజ్వరమనుకున్నాడు క్లిఫర్డ్. ఇద్దరివీ వెన్నలాంటి మనసులు కదా, ఒకరికి తెలియకుండా ఒకరు నర్సుకి ఫోన్ చేసి, పక్కింటివాళ్ళని కాస్త చూసిపొమ్మని బతిమాలారు. శుక్రవారం గ్రేస్ మూతికి గుడ్డ కట్టుకుని మరీ దిగింది.

డొరీన్‌కి జ్వరం లేదు. ఇల్లు మాత్రం పన్నెండు డిగ్రీలుంది. "ఈ ఇంటికి ఆయన్ని పంపలేనమ్మా" అంది గ్రేస్. డొరీన్ కోటుతోనే విల్‌ఫ్రెడ్ కుర్చీలో కూర్చుండిపోయింది. ఐదు వారాలూ ఒక్క కన్నీటి బొట్టు రాల్చని మనిషి అప్పుడు ఏడ్చింది.

గ్రేస్ పక్కింటి జ్వరం చూడబోయింది. తలుపు తీయగానే మొహానికి వేడి కొట్టింది. లోపల ముప్ఫై ఒక్క డిగ్రీలు, బల్ల మీద కొవ్వొత్తి తలవాల్చేసి ఉంది. ఆమె క్లిఫర్డ్‌ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి డొరీన్ థర్మోస్టాట్‌ని సున్నాకి తిప్పింది. గోడవతల గుర్రుమంటున్న బాయిలర్ ఆగిపోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, మెకానిక్ వచ్చేది మూడు వారాల తర్వాతేననీ, ఈలోగా సీలు విప్పితే తగ్గింపు రద్దనీ చెప్పారు.

"అయితే మీ ఇల్లు నా చేతిలోనే ఉందన్నమాట. నేనే తిప్పుతుంటాను. చలేస్తే గోడ మీద ఒకసారి కొట్టండి, చాలనిపిస్తే రెండుసార్లు" అన్నాడు క్లిఫర్డ్.

"మరి మీ ఇంటికో?" అంది డొరీన్.

"ఆపేసే ఉంచండి, మీకు పుణ్యముంటుంది."

గంటలో డొరీన్ ఇల్లు ఇరవై ఒకటికొచ్చింది. గ్రేస్ కాగితం మీద సంతకం పెట్టింది, శనివారం విల్‌ఫ్రెడ్ ఇంటికొచ్చాడు.

ఆ మూడు వారాలూ క్లిఫర్డ్ చేసింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. డామినోల ఆటకి పబ్బుకెళ్ళలేదు, కొండ నడక మానేశాడు, భోజనం గోడ పక్కనే. విల్‌ఫ్రెడ్ చేతికర్ర ఒకసారి టక్కుమంటే చాలు, చెంచా పడేసి లేచేవాడు. ఆ గది ఒక్క పూట కూడా చల్లబడలేదు. రెండో వారానికి దగ్గు తగ్గింది, మూడో వారానికి విల్‌ఫ్రెడ్ వీధి గుమ్మం దాకా నడిచాడు.

మెకానిక్ వచ్చి రెండూ సరిచేశాడు. ఈసారి పని పూర్తయ్యాకే కేకు కోసింది డొరీన్.

మర్నాడు పొద్దున విల్‌ఫ్రెడ్‌కి కాస్త చలిగా అనిపించింది. అలవాటు చొప్పున కర్రతో గోడ మీద ఒకసారి కొట్టాడు. డొరీన్ వంటింట్లోంచి వచ్చేలోపే అవతల క్లిఫర్డ్ గబుక్కున లేచి, అలవాటుగా తన థర్మోస్టాట్‌ని ఇరవై ఐదుకి తిప్పి, ఇక కాగేది తన ఇల్లేనని గుర్తొచ్చి, నిక్కరు వేసుకుని కిటికీ తెరుచుకున్నాడు.