మాటొస్తే కొట్టకూడదు

మా ఇంట్లో నా మాట చెల్లని విషయాలు మూడే మూడు: వంట, మగ్గం, మిగతావన్నీ. మనవరాలి విషయంలోనైనా ఒక్కసారి నా మాట నెగ్గించుకుందామని నేనొక ఎత్తు వేశాను. దాని సంగతి మా తిరుత్తణిలో ఇప్పటికే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి, అయిదో రకం, అంటే నిజం, నేనే చెప్పేస్తాను.

మనవరాలి పేరు మనీష. పదకొండు నెలలు. మా అమ్మాయి నివేద, అల్లుడు గోకుల్ ఆవడిలో ఉంటారు. ఇద్దరికీ మద్రాసులో ఉద్యోగాలు. నివేద సెలవు అయిపోవస్తోంది. వచ్చే నెల నుంచి సోమవారం మొదలు శుక్రవారం దాకా పాప ఎవరింట్లో ఉండాలన్నది ప్రశ్న. తిరుత్తణిలో మా ఇంట్లోనా, తిరువళ్ళూరులో మా వియ్యంకుడు దండపాణి ఇంట్లోనా?

దండపాణి ముప్పై ఏళ్ళు గవర్నమెంటు బస్సు తోలి రిటైరయ్యాడు. ఆ పాత బస్సుల స్టీరింగు తిప్పీ తిప్పీ అరచేతులు చేటలంత అయ్యాయి. మనిషి మంచివాడు. నాకు ఆయనలో గిట్టనిది అదొక్కటే.

ఇక నేను, ఆదికేశవులు. మాది నేత కుటుంబం. నేను చీరలు అమ్ముతాను, నేసేది మా ఆవిడ వనజాక్షి. "మా ఆయన నేతగాడు" అని ఆవిడ పొరపాటున కూడా అనదు. "మా ఆయన నేసేవాళ్ళింట్లో పుట్టినాడు" అంటుంది.

ఒకరోజు పొద్దున్నే నివేద ఫోన్ చేసింది.

"నాయనా, మొన్న పాప గోకుల్ చొక్కా గుండీ నోట్లో వేసుకునింది. నేను చూసినా కాబట్టి సరిపోయింది. తిరువళ్ళూరులో ఆదివారం ముదలుదవి క్లాసు, అదే ఫస్ట్ ఎయిడ్, పెడతా వుండారు. గొంతులో ఏమన్నా ఇరుక్కుంటే ఏం చేయాల, గుండె నిలిస్తే ఏం చేయాల, పెద్దోళ్ళకెట్ల, పిల్లోళ్ళకెట్ల, అంతా నేర్పిస్తారంట. మీరిద్దరూ, అత్తా మామా, నలుగురూ పోవాల. అది చూసినాకే పాపను యాడ వదిలేదో చెప్తా."

"నిన్ను పెంచినప్పుడు నేను యా క్లాసుకు పోయినా?"

"నన్ను పెంచింది అమ్మ కదా నాయనా."

ఈ కాలం పిల్లలకు పెద్దల మీద గౌరవం లేదు, జ్ఞాపకశక్తి మాత్రం దండిగా ఉంది.

ఆ వారమంతా నేను ఫోనులో వీడియోలు చూస్తూ, దిండు మీద గుండె నొక్కడం సాధన చేశాను. మూడో రోజుకు దిండు పిగిలి, బూరుగు దూది ఇల్లంతా ఎగిరింది. వనజాక్షి మగ్గం మీద నుంచే చూసింది.

"ఆ దిండు పోయి శానా సేపయింది. ఇంక వదిలెయ్యయ్యా."

"నవ్వుకో నవ్వుకో. రేపు పాప మనింటికి వచ్చేది నా చేతుల వల్లే."

"నీ చేతుల్లో పడితే పాప గతి ఏమవుతుందో దిండు చెప్తా వుంది కదా."

ఆదివారం నలుగురం తిరువళ్ళూరులో ఒక మండపంలో కలిశాం. గోకుల్‌కు డ్యూటీ ఉండి రాలేదు, నివేద మాత్రం పాపనెత్తుకుని చూడటానికి వచ్చింది. నేల మీద చాపలు, చాపల మీద కాళ్ళు లేని పెద్ద బొమ్మలు, పక్కన చంటిబిడ్డల బొమ్మలు. చెప్పేది సత్యప్రియ అనే నర్సమ్మ. వయసు పాతికే గానీ గొంతు హెడ్ మాస్టరుది.

"ముందు భుజం తట్టి పిలవాల. పలకలేదు, సరిగ్గా ఊపిరి తీసుకోలేదు అంటే వెంటనే 108కి ఫోన్ చేయమనాల. రొమ్ము నడిమధ్యన రెండు చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కాల. రెండంగుళాలు దిగాల. నిమిషానికి నూటి నుంచి నూటిరవై. బాగా చేస్తే బొమ్మ భుజం మీద పచ్చలైటు వెలుగుతుంది."

తర్వాత గొంతులో ఇరుక్కున్నప్పటి సంగతి చెప్పింది.

"ఒకటి గుర్తు పెట్టుకోండి. ఆ మనిషి మాట్లాడగలిగితే, గట్టిగా దగ్గగలిగితే కొట్టకూడదు. దగ్గమని చెప్పాల, అంతే. మాటా రాలేదు, దగ్గూ రాలేదు అంటేనే ముందుకు వంచి, వీపున రెండు రెక్కల నడుమ, మణికట్టు దగ్గరి అరచేత్తో అయిదు దెబ్బలు. అప్పటికీ బయటికి రాకపోతే వెనక నుంచి పట్టుకుని పొట్ట పైన అయిదు నొక్కులు. ఏడాది లోపు పాపలకు మాత్రం పొట్ట నొక్కనే కూడదు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, వీపు మీద తట్టాల."

పరీక్షలో మొదటి పిలుపు నాకే వచ్చింది. నిమిషానికి నూట పది ఎలా కొలవాలి? మా ఊరివాడికి తాళం అంటే ఒకటే తాళం: ఆడి కృత్తిక పండక్కి కావడి మోసుకుంటూ కొండెక్కేటప్పటి మేళం. మనసులో "హరోహరా" అనుకుని మొదలుపెట్టాను. బాగానే మొదలైంది. కానీ ఆ మేళం సంగతి మీకు తెలుసు కదా, మెట్టు మెట్టుకూ జోరందుకుంటుంది. నాకు ఒళ్ళు తెలియలేదు. బొమ్మ చాప మీద నుంచి జారి నేల మీదికొచ్చింది.

"సార్! సార్! ఆడి కృత్తిక వచ్చే నెల కదా సార్," అని నర్సమ్మ నా భుజం పట్టుకుంది. "పేషెంటును కొండెక్కిస్తా వుండారు!"

లైటు ఎర్రగా వెలుగుతోంది. మండపమంతా నవ్వింది. దండపాణి నవ్వలేదు. మంచివాడని చెప్పాను కదా.

తర్వాత వనజాక్షి వచ్చింది. కొంగు దోపి, బొమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టింది. మొదటి నొక్కు నుంచి చివరి నొక్కు దాకా పచ్చలైటు ఆరలేదు.

"ఎట్లమ్మా ఇంత కరెక్టుగా?" అంది నర్సమ్మ.

"మగ్గం మాదిరే కదమ్మా. చెయ్యి ఒకే లెక్కన పడకపోతే చీర పాడైపోదా?"

అని, నేను చూశానో లేదోనని నా వైపు ఒకసారి తిరిగింది. నేను ఫ్యాను వైపు చూశాను.

వియ్యపురాలు కాంచన కూడా పాసయింది. దండపాణి పెద్ద బొమ్మను చక్కగా నొక్కాడు గానీ, చంటిబొమ్మను చేతిలో పెట్టేసరికి ఆయన చేతులు గజగజ వణికాయి. "ఇంత పసిబిడ్డను యాడ కొట్టేది తల్లీ? నా వల్ల కాదు" అని కళ్ళు తుడుచుకున్నాడు. నర్సమ్మ మా ఇద్దరినీ రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మంది.

అంటే ఇంటికొక పాసు, ఇంటికొక ఫెయిలు. సమానం. మధ్యాహ్నం భోజనం దండపాణి ఇంట్లో. అన్నాలయ్యాక నివేద తన తీర్పు చెబుతానంది.

చేతులు కడుక్కుంటుంటే నాకు ఆలోచన తట్టింది. బొమ్మను చూసే వణికిపోయినవాడు మనిషిని చూస్తే ఏమవుతాడు? నివేద కళ్ళెదుటే నా గొంతులో వడ ఇరుక్కుంటే? ఈయన కొయ్యబారిపోతాడు, లేకపోతే వీధిలోకి పరుగెత్తుతాడు. అది చూశాక పాపను ఈ ఇంట్లో వదులుతుందా? నా తెలివికి నాకే ముచ్చటేసింది.

విస్తళ్ళ ముందు నేనూ దండపాణీ పక్కపక్కనే కూర్చున్నాం. ఎదురుగా నివేద పాపకు పప్పన్నం తినిపిస్తోంది. మసాలవడ ఒకటి తీసి నోటి దాకా తెచ్చి, ఎడమచేతి పిడికిట్లోకి జార్చి, రెండు చేతులతో గొంతు పట్టుకున్నాను. కళ్ళు తేలేశాను. నర్సమ్మ చూపించినదానికంటే నేనే బాగా చేశాను.

దండపాణి విస్తరి మీద నుంచి ఒక్క ఉదుటున లేచాడు.

"బావా! మాట వస్తుందా?"

రాదన్నట్టు తల ఊపాను. అది నా మొదటి తప్పు.

"దగ్గు బావా, దగ్గు!"

దగ్గలేదు. అది రెండోది.

ఆయన నన్ను లేపి, ముందుకు వంచి, ఎడమచేతిని రొమ్ముకు ఆనించి, కుడిచేత్తో ఒక్కటిచ్చాడు. నాకు నిలబడ్డచోటే అరక్కోణం జంక్షన్ కనిపించింది. రెండో దెబ్బకు మా నాయన కనిపించాడు. ఆయన పోయి పదేళ్ళయింది.

ఆ చేయి ఇసుమంతైనా వణకలేదు. పసిబిడ్డను కొట్టడానికి వణికే చేయి వియ్యంకుడిని కొట్టడానికి ఎందుకు వణుకుతుందని నాకు అప్పుడు తోచింది.

ఒక్క మాట అంటే చాలు, దెబ్బలు ఆగిపోతాయి. కానీ ఆ మాట అంటే కూతురి ముందు దొంగనవుతాను. ఏం చేయను? దీనంగా వనజాక్షి వైపు చూశాను. ఆవిడ సాంబారు గిన్నె పట్టుకుని నిలబడి నా ముఖం చూసింది. తర్వాత నా ఎడమ పిడికిలి చూసింది. వేళ్ళ సందుల్లోంచి వడ నూనె కారుతోంది. అమ్మయ్య, కనిపెట్టేసింది, బతికానురా అనుకున్నాను.

"అన్నా," అంది వనజాక్షి, "ఇంకా మాట రాలేదు!"

మూడు. నాలుగు. అయిదు.

"నాయనా!" అని నివేద ఏడుస్తూ పాపను చంకనేసుకుని ఫోను కోసం వెతుకుతోంది. స్పృహ తప్పినట్టు పడిపోదామా అనుకున్నాను. స్పృహ తప్పితే గుండె నొక్కమని నర్సమ్మ చెప్పింది గుర్తొచ్చింది. ఆ చేతులు, నా రొమ్ము, రెండంగుళాలు! పడిపోలేదు.

"అయిదైనాయి అన్నా, ఇంక పొట్టకు పో!" అంది నా ధర్మపత్ని.

దండపాణి వెనక నుంచి నా నడుము చుట్టూ చేతులు వేసి పిడికిలి బిగించి ఒక్క నొక్కు నొక్కాడు. నా కాళ్ళు నేల విడిచాయి.

"అమ్మో! వదులు బావో! ఏం లేదు! నేను వడ తిననే లేదు! ఇదిగో, ఇదిగో వడ!"

పిడికిలి తెరిచాను. అందరూ నా చేతిలో నలిగిన వడను చూశారు. పాప మాత్రం చప్పట్లు కొట్టి నవ్వింది.

నివేద ఫోను కింద పెట్టింది. 108కి రెండు అంకెలు నొక్కి ఉంది.

"ఎందుకు నాయనా ఇట్ల చేసినావు?"

"మామకు చేతనవుతుందో లేదో చూద్దామని..."

దండపాణి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా నివేదా," అన్నాడు, "బావ చూసింది మంచిదే. పసిబిడ్డకు చేసేది నాకింకా రాదు. నేర్చుకునేదాకా పాపను ఒంటిగా నా చేతికియ్యొద్దు."

అంత సిగ్గు నాకు జీవితంలో ఎప్పుడూ వేయలేదు. దెబ్బలు తిన్న వీపు కంటే ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది.

"రానిది రాదు అని చెప్పే ఇంట్లో వదిలితే నాకు దిగులుండదు నాయనా," అంది నివేద. "పాప ఇక్కడే ఉంటుంది. నువ్వెప్పుడైనా వచ్చి చూసుకో. పాసయ్యేదాకా నువ్వు గానీ మామ గానీ ఒంటిగా ఎత్తుకోకూడదు. పక్కన ఎవరన్నా ఉండాల."

తిరుగు రైల్లో వనజాక్షి కిటికీ పక్కన కూర్చుంది. తిరువాలంగాడు దాటాక అడిగాను.

"నా చేతిలో వడ చూసినావు కదా?"

"చూసినా."

"మరెందుకు ఆపలేదు?"

"క్లాసులో పచ్చలైటు చూసి నివేద నాతో చెవిలో ఏం చెప్పిందో తెలుసా? 'పాప నీ దగ్గరే ఉంటుందిమా, అన్నమైనాక అందరికీ చెప్తా' అనింది. నువ్వు ఆ వడను నోట్లో వేసుకుని నమిలి మింగుంటే, వచ్చే నెల నుంచి పాప నా ఒళ్ళో ఉండేది. ఆ కడుపుమంటకు అయిదు దెబ్బలు తక్కువ."

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే నేను వీపు తడుముకోవడం మానేశాను.

మా రెండో పరీక్షకు ఇంకా కొన్ని రోజులుండగానే, పాప వచ్చిన సోమవారం పొద్దున మొదటి బండికే తిరువళ్ళూరులో దిగాను. పాపను చంకనెత్తుకుని దండపాణి స్టేషను బయటే నిలబడి ఉన్నాడు, పక్కన కాంచన.

"వీపు ఎట్లుండాది బావా?"

"ఉండాది."

"ఒకటి చెప్తే కోపం పడకూడదు. మూడో దెబ్బకే నాకు తెలిసిపోయింది, నీ గొంతులో ఏం లేదని."

"మరెందుకు బావా మిగతావి కొట్టినావు?"

"మాటొస్తే కొట్టకూడదని కదా చెప్పినారు. నువ్వు మాట్లాడలేదే," అని ఆయన పాపను నా చేతుల్లో పెట్టాడు. నేను పాపను రొమ్ముకు హత్తుకున్నాను. కాంచన రెండడుగుల దూరంలో, ఇద్దరినీ కనిపెట్టుకుని నిలబడింది.