రొట్టెల బండికి తలంటు

ఆ రోజు ఏ పని ఎన్నింటికో మిల్లీమీటరు గారు ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. ఎనిమిదింటికి క్షవరం, పదిన్నరకి డ్రైవరు తాతని ఆటోలో ఎక్కించుకుని ఇంటికి రావడం, ఇక్కడ బండి పెట్టె తీసుకోవడం, పదకొండింటికి బేకరీ. "ఇందులో నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు," అని భార్యతో చెప్పి బయల్దేరారు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ ఆమెకి నడుం విరిగేంత పని పడింది.

ఆయన అసలు పేరు పిలిచేవాళ్ళు తక్కువ. డ్రాయింగు ఆఫీసులో జీవితమంతా బల్ల మీద వంగి గీతలు గీసి రిటైరైన మనిషి. కూరలో ఉప్పెక్కువైందని ఊరుకోరు, ఎంత ఎక్కువైందో కూడా చెబుతారు. ఆయన గీసిన కాగితాల కింద ఎప్పుడూ పై అధికారుల సంతకాలే ఉండేవి. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు గానీ, ఆ బాధ ఎంతదో భార్యకి తెలుసు.

అందుకే ఎనిమిది నెలలుగా స్టోరు గదిలో తలుపేసుకుని బండి చేస్తుంటే ఆమె అడ్డు చెప్పలేదు. అది ఊళ్ళోని పాత బేకరీవాళ్ళ మొదటి రొట్టెల బండికి నమూనా, అసలుదానిలో ఇరవై నాలుగో వంతు. అసలు బండి ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయింది. మిగిలిందల్లా ఒక నలుపు తెలుపు ఫోటో, ఆ బండిని పాతికేళ్ళు నడిపిన డ్రైవరు తాత. బజారులో కొన్న భాగం ఒక్కటీ లేదు. బిస్కెట్ల డబ్బా రేకు బండికి ఒళ్ళయింది, పాత చెప్పుల అడుగులు టైర్లయ్యాయి. తాత చూసి ఇదే నా బండి అంటే దాన్ని దుకాణంలో గాజు పెట్టెలో పెడతానని, కింద చేసినవారి పేరు రాయిస్తానని ఓనరు మాటిచ్చాడు.

"కాదంటే?" అని ఆమె ఒకసారి అడిగింది.

"కాదనడానికి వీల్లేదు. కొలిచాను."

రంగు కూడా ఫోటోలోని నలుపు ఎంత చిక్కగా ఉందో చూసి ఆకుపచ్చ అని తేల్చారు. తాతనే అడగొచ్చు కదా అంటే, మనిషి జ్ఞాపకం సాగుతుంది, ఫోటో సాగదు అన్నారు. రెండు వారాల కిందట తలుపు సందులోంచి ఆమె చూసినప్పుడు బండి పచ్చగా నిగనిగలాడుతోంది.

బండిని పెట్టెలో పెట్టేదెవరో కాగితంలో లేదు, అంటే అది ఆమె పనే. ఆయన వెళ్ళాక, పెట్టెలో పెట్టేముందు దుమ్ము దులుపుదామని ఆమె స్టోరు గదిలోకి వెళ్ళింది. బండిని చూసి గుమ్మంలోనే చతికిలబడింది. ఒళ్ళంతా బురద. చక్రాల పైన తుప్పు. ఎడమ తలుపుకి సొట్ట. ఆమె కళ్ళు తిన్నగా పైకప్పు మీదికి వెళ్ళాయి. రెండు రోజులుగా వాన. గది కురుస్తోంది, తాపీమేస్త్రీని పిలవమని ఆయన మూడుసార్లు చెబితే, రేపు రేపని దాటేసింది తనే. నీళ్ళు కారాయి, పెచ్చు ఊడి తలుపు మీద పడింది, ఇంకేముంది అనుకుంది.

అయితే ఆమె అంత తేలిగ్గా చేతులెత్తేసే మనిషి కాదు. మాడిన గిన్నెలనే లొంగదీసిన చేతికి ఈ బురదెంత? గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, గిన్నెల పీచు తెచ్చి బండికి తలంటు పోసింది. స్టీరింగు చూస్తే, పోయిందనుకున్న తన తాళాల రింగు. ఆ లెక్క తర్వాత తేల్చుకోవచ్చని రుద్దుతూనే ఉంది. బురద పోయింది. తుప్పూ పోయింది. వాటితోపాటు ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచింది, బండి పక్కన రాసిన అక్షరాలు సగం కొట్టుకుపోయాయి.

అప్పుడు తమ్ముడికి ఫోను చేసింది. అతనిది సొట్టలు తీసి రంగులేసే కార్ల షెడ్డు. పావుగంటలో వచ్చి, బండిని తిప్పి చూసి, పెద్ద బండైనా చిన్న బండైనా రేకు రేకేనన్నాడు. గరిటె వెనకభాగంతో లోపలినుంచి నొక్కి సొట్ట తీసేశాడు. చిక్కంతా రంగుతో వచ్చింది.

"ఆకుపచ్చ అయిపోయిందక్కా. ఎరుపుంది."

"ఆకుపచ్చ బండికి ఎరుపేస్తే మీ బావ ఊరుకుంటారా?"

"ఇలా చూస్తే మాత్రం ఊరుకుంటాడా?"

టైము తొమ్మిదిన్నర. ఆమె సరేనంది. అతను ఎర్ర రంగు కొట్టి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో ఆరబెట్టాడు. నంబరు ప్లేట్లు రాసే సన్నని కుంచెతో, స్టోరు గది గోడ మీది ఫోటో చూసుకుంటూ, అక్షరాలు ముత్యాల్లా దిద్దాడు. పెట్టెకి టేపు వేస్తుండగానే బయట ఆటో హారన్ మోగింది. పెట్టె తాత ముందే విప్పాలని రాసుకున్నారు కాబట్టి మిల్లీమీటరు గారు దాన్ని తెరిచి చూడలేదు. ఆమె కూడా ఆటో ఎక్కింది. తమ్ముడు స్కూటరు మీద వెనకే వచ్చాడు.

బేకరీలో పెట్టెని బల్ల మీద పెట్టి, విప్పకుండా, మిల్లీమీటరు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆమె చొక్కా పట్టుకుని లాగి, ఒక్క మాట వినమంది. నువ్వు చెయ్యాల్సిందేమీ లేదని ఆయన చెయ్యి విడిపించుకున్నారు.

"కొత్త బండి ఎవరైనా చేస్తారు. నేను రోడ్లన్నీ తిరిగి అరిగిన బండిని చేశాను. రెండు వారాలు కూర్చుని బురద, తుప్పు వేశాను. ఎడమ తలుపుకి సొట్టతో సహా, ఫోటోలో ఉన్న మరక ఒక్కటి వదల్లేదు. అన్నీ కొలిచాను."

ఆమెకి అప్పటికి తెలిసొచ్చింది. వాన కాదు, పెచ్చు కాదు, మేస్త్రీ కాదు. అదంతా ఆయన చేతిపనే. రెండు వారాల కష్టాన్ని తను గిన్నెల పీచుతో అరగంటలో కడిగేసింది. తమ్ముడి వైపు చూస్తే అతను అప్పటికే గుమ్మం దగ్గర స్కూటరు తాళం తీసి పట్టుకున్నాడు.

కానీ తాత ముఖం ఆమె ముఖం కంటే ముందే మారింది.

"సొట్టా? నా బండికా?"

"ఫోటోలో ఉందండీ. స్పష్టంగా."

"ఆ ఫోటో ఇరవయ్యేళ్ళు పొయ్యి గదిలో వేలాడింది. అవి వెన్న మరకలు." తాత చేతికర్ర అందుకుని లేచాడు. "రోజూ నాలుగింటికే లేచి, నేను స్నానం చెయ్యకముందు దానికి చేయించేవాణ్ణి. బురదతో ఒక్కనాడు గేటు దాటలేదు. అటువంటి బండి నేను చూడను బాబూ."

మిల్లీమీటరు గారు పెట్టెని రెండు చేతులతో తన వైపుకి లాక్కున్నారు. ఆయన్ని అలా చూడటం ఆమె వల్ల కాలేదు. ఎలాగూ పడాల్సిన తిట్లే కదా అనుకుని, ముందుకెళ్ళి టేపు లాగి పెట్టె తెరిచింది.

ఎర్ర బండి, మచ్చ లేకుండా, అద్దంలా మెరుస్తూ బయటపడింది. తాత కర్రని కుర్చీకి ఆనించి మెల్లగా కూర్చున్నాడు. గోటితో ఎడమ తలుపు తెరిచాడు, వేశాడు, మళ్ళీ తెరిచాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే నా బండి," అన్నాడు.

ఓనరు మిల్లీమీటరు గారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నలుపు తెలుపు ఫోటో చూసి ఎరుపని ఎలా కనిపెట్టారండీ?"

మిల్లీమీటరు గారు భార్య వైపు చూశారు. ఆమె తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు పైకప్పు వైపు చూశాడు. ఆమె చీర కొంగుకి అంటిన ఎర్ర మరకని ఆయన గమనించారు. కాసేపు లోపల ఏదో లెక్క వేసుకుని గొంతు సవరించుకున్నారు.

"కొలతలు నావి. రంగు మా బావమరిది. స్నానం మా ఆవిడ. కింద ముగ్గురి పేర్లూ రాయించండి."

సాయంత్రం ఇంట్లో ఆమె కాఫీ ఇస్తున్నప్పుడు ఆయన, సొట్ట తీసింది దేంతో అని అడిగి, ఆ గరిటెని తెప్పించుకుని కొలిచారు.

మరుసటి నెల పాత పాలబండి మొదలుపెట్టారు. అది పూర్తయ్యాక దాని నిండా బురద, తుప్పు దట్టంగా పట్టించి, స్టోరు గది తలుపు బార్లా తెరిచి, అంతకు నాలుగు రోజుల ముందే చేయించుకున్న క్షవరానికి మళ్ళీ బయల్దేరారు.