షామియానా కింద వలపాట

ఆ శనివారం పొద్దున్న జగ్గన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు జాజ్ పాటలు వినిపించి, ఒక నమస్కారం పెట్టి రావడం. వినేది బరంపురం నుంచి వస్తున్న హోటల్ యజమాని వెంకటరమణమూర్తి. ఆయనకు నచ్చితే చలికాలమంతా గోపాల్‌పూర్ హోటల్లో వారానికి రెండు కచేరీలు. నచ్చకపోతే జగ్గన్న గిటారు అటకెక్కించి గుజరాత్ పడవల మీద పనికి పోవాలి. మొగుడూ పెళ్లాల జంట కచేరీకి అక్కడితో మంగళం పాడినట్టే.

భార్య కన్నమ్మ ఆ హోటల్లోనే దుప్పట్లు ఉతుకుతూ, గ్రామఫోను రికార్డులు విని ఇంగ్లీషు పాటలు పట్టేసింది. వాటి అర్థం ఆమెకు తెలియదు. పాడితే మాత్రం వినేవాళ్లకు తెలిసిపోయేది. ఆ గొంతు వెనక గిటారు వాయించడం తన పూర్వజన్మ సుకృతమని జగ్గన్న నమ్మకం.

"వల లాగుతూ పాడే మీ వలపాటలు మాత్రం వద్దు. అయ్యగారికి చేపల వాసన పడదు," అన్నాడు మేనేజరు వైకుంఠరావు.

"పాటకి వాసనేటి బాబూ?" అంది కన్నమ్మ.

వాళ్ల జాలరిపేట పక్కనే ఇసుకలో వేసిన షామియానా కింద మొదటి పాటకు మూర్తిగారు ఆవులించారు. రెండో పాటకు కళ్లు మూశారు. మూడో పాట సగంలో గిటారు తీగ తెగింది.

"ఏదో ఒకటి పాడతుండు. తీగ మార్సేత్తాను," అని గొణిగాడు జగ్గన్న.

కంగారులో కన్నమ్మ నోటికి వచ్చింది వలపాటే. వాళ్ల పేటలో ఆ పాట వినిపిస్తే ఉన్న పని వదిలి వచ్చి తాడు పట్టాలి. ఎవరి వల అని అడగడం మర్యాద కాదు. పట్టినవాడికి చేపల్లో వాటా ఉంటుంది. పాడేవాళ్లు మధ్యలో ఆపకూడదు, ఆపితే లాగేవాళ్ల పట్టు తప్పుతుంది.

ముందుగా వచ్చినవాడు జగ్గన్న మేనమామ, ముసలి లక్ష్ముడు. చూపు ఆనదు. చేతికి తగిలిన తాడు పట్టుకున్నాడు. అది షామియానా తాడు. వెనక వచ్చినవాళ్లు ఆయన వెనకే పట్టారు. ముందు పెద్దాయన ఉండగా అడిగేదేముంది? పదిమంది కాస్తా ఇరవైమందయ్యారు. ఆడవాళ్లు గంపలు తెచ్చుకుని కూర్చున్నారు.

"మావా, తాడొగ్గీ, అది వల తాడు కాదు," అన్నాడు జగ్గన్న. ఎవరికీ వినపడలేదు.

కన్నమ్మనైనా ఆపుదామని తిరిగాడు. ఆమె కళ్లు మూసుకుని వలపాటలోకి జాజ్ విరుపులు కలిపేస్తోంది. పన్నెండేళ్ల కాపురంలో అలాంటి పాట అతను వినలేదు. చెప్పాలనుకున్నది మరిచిపోయి, కొత్త తీగ బిగించి, తనూ అందుకున్నాడు.

గుంజలు ఒరిగాయి. షామియానా మూర్తిగారి మీదా మేనేజరు మీదా కూలింది.

"పాట ఆపమను. మీకింక కచేరీ లేదు," అని గుడ్డ కింద నుంచి వైకుంఠరావు అరిచాడు.

ఆ పక్కనే ఇంకో గొంతు "హైలెస్సా" అని అందుకుంది. మూర్తిగారు ఇసుక తలతో పాకుతూ బయటికొచ్చారు.

"ఆపమన్నదెవడు? మా అయ్య ఈ పాట మీదే వల లాగీవోడు. వారానికి రెండు కాదు, మూడు కచేరీలు. ఈ పాటతోనే మొదలెట్టాల."

జగ్గన్నకు కళ్లు చెమర్చాయి. ఇక గుజరాత్ ఊసు లేదు.

లక్ష్ముడు తాడు వదలకుండానే అడిగాడు, "వల్లో ఏటి పడ్డాదిరా?"

"ఓనరు పడ్డాడు మావా."

లక్ష్ముడు కాసేపు ఆలోచించి, తన వాటా అడిగాడు.